"టచీ" అంటే అసలు అర్థమేంటండీ? నేను వాడింది తప్పా?

చుక్కలముగ్గు (ఆదివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. చిన్న ప్రశ్నే, కానీ సాయంత్రం నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. నిన్న మా హెచ్ఎం గారి రిటైర్మెంట్ ఫంక్షన్ జరిగింది. మొదటి పోస్టింగ్ ఊళ్ళో కారే రేకుల షెడ్డు కింద పాఠం చెప్పిన రోజులు, వాన చుక్కలు పడుతుంటే పిల్లలు పుస్తకాలు చొక్కాల్లో దాచుకున్న సంగతి చెప్తూ ఆయన గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. అందరం కళ్ళు తుడుచుకున్నాం. ఇంటికొచ్చి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో "వెరీ టచీ స్పీచ్ సర్" అని రాసి రెండు దండాలు పెట్టాను. మా ఇంగ్లీష్ సార్ దాని కింద నవ్వే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నారు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు పెట్టారు. హెచ్ఎం గారు మాత్రం దండానికి దండం పెట్టారు.

డౌటొచ్చి డిక్షనరీ చూస్తే "ఊరికే కోపం తెచ్చుకునే" అని ఉంది! టచ్ అంటే తాకడం, మనసుని తాకింది కాబట్టి టచీ అనుకున్నాను. మెసేజ్ డిలీట్ చేద్దామంటే ఇప్పటికే అందరూ చూసేశారు. ఇంగ్లీష్ తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. నిజంగా అంత తప్పా?

బడిపంతులు61 (రాత్రి 9:40)

తప్పేనమ్మా. మీరు అనుకున్న దానికి మాట "టచింగ్". ప్రసంగం టచింగ్‌గా ఉంటుంది, మనిషి టచీగా ఉంటాడు.

టచీ మనిషి అంటే మామూలుగా అన్న మాట కూడా తన మీదకే వేసుకుని ముఖం మాడ్చుకునేవాడు. "హీ ఈజ్ టచీ అబౌట్ హిజ్ ఏజ్" అంటే వయసు సంగతి ఎత్తితే చాలు, ఆయనకి మండుతుందని. చూడండి, పక్కనే "అబౌట్" వచ్చింది. దేని గురించి ఆ ఉలుకు అన్నది చెప్పాలంటే అలాగే చెప్పాలి. "టచీ సబ్జెక్ట్" అని కూడా అంటారు. అక్కడ కోపం విషయానికి కాదు, కదిపితే మనుషులకి వస్తుంది. మన తేనెతుట్టె అన్నమాట. ఇక "టచీ స్పీచ్" అని ఇంగ్లీషువాడు చదివితే, మీ హెచ్ఎం గారు చివరి రోజున కూడా అందరినీ దెప్పిపొడిచి వెళ్ళారేమో అనుకుంటాడు.

ఈ మాట 1600 ప్రాంతం నుంచి ఇంగ్లీషులో ఉంది. దానికి కాస్త ముందు నుంచే "టెచీ" అనే ఇంకో మాట ఉంది, చిరచిరలాడే అని అర్థం. అదే నోళ్ళలో నాని, టచ్ అనే మాట పోలికతో టచీ అయి ఉండవచ్చని నిఘంటువులు రాసేవాళ్ళ ఊహ. అదే నిజమైతే తాకడంతో దీని చుట్టరికం పుట్టుకతో వచ్చింది కాదు, తర్వాత కలుపుకున్నది. బ్రిటన్‌లో టెచీ ఇప్పటికీ వాడతారు.

ఒక ముచ్చట చెప్తాను, మాట ఇక మర్చిపోరు. షేక్స్‌పియర్ "రోమియో అండ్ జూలియెట్"లో జూలియెట్‌ని పెంచిన దాది పాత సంగతి ఒకటి గుర్తు చేసుకుంటుంది. పాప చేత పాలు మాన్పించడానికి చనుమొనకి చేదు మందు రాసుకుందట. పాప నోరు పెట్టి, చేదు తగిలి, రొమ్ముతోనే పేచీ పెట్టుకుందట. అక్కడ పాపకి వాడిన మాట టెచీ. మన ఇళ్ళల్లో దానికే వేపాకు నూరి రాసేవాళ్ళు. ఆ పసిదాని ముఖం ఒకసారి ఊహించుకోండి.

పెన్నఒడ్డు (రాత్రి 9:58)

ఆమె చెప్పింది ఎవరికి అర్థం కాలేదు? హెచ్ఎం గారికి అర్థమైంది, దండం పెట్టారు. మన దేశంలో మన ఇంగ్లీష్ మనది. ప్రీపోన్ అనడం లేదా? ఇదీ అలాగే చెల్లుతుంది. నవ్వినాయనదే తప్పు.

బడిపంతులు61 (రాత్రి 10:05)

ప్రీపోన్ మనకి అవసరమై పుట్టించుకున్న మాట. టచీ అలా కాదు, ముందే ఉన్న మాట, దాని అర్థం దానికుంది. ఉన్నదాన్ని తలకిందులు చేసి ఇది మాది అంటే చెల్లదు. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే తప్పు ఇది. దాన్ని దేశభక్తి చేయకండి.

పెన్నఒడ్డు (రాత్రి 10:07)

సరే సార్. మీరు చదువుకున్నోళ్ళు. మీరే మాట్లాడుకోండి.

కరీంనగర్ పోరడు (రాత్రి 10:31)

మా బాపు గిట్లనే ఉంటడు. పప్పుల ఉప్పు తక్కువైనట్టుందే అని అవ్వతోని అంటె, పక్కనున్న బాపు "నేను తెచ్చిన ఉప్పే బాగలేదంటవా" అని కంచం జరిపి లేస్తడు. ఉప్పు ప్యాకెట్ తెచ్చింది ఆయననే అని మాకు అప్పటిదాంక యాదికే లేదు! అవ్వ మాత్రం నింపాదిగ అంటది, "మీ బాపు ముట్టుకుంటె ముడుసుకుంటడు" అని.

పంతులు సార్, మరి టచీకి తెలుగుల ఒక్క మాట ఏంది? ముక్కోపి అనొచ్చా?

డాలస్ దోసె (రాత్రి 11:02, అంటే మాకు ఆదివారం మధ్యాహ్నం)

ముక్కోపి కుదరదు తమ్ముడూ. ముక్కోపికి ఎవరి మీదైనా, దేనికైనా కోపమొస్తుంది. ట్రాఫిక్ సిగ్నల్ మీద కూడా వస్తుంది. టచీ మనిషికి అలా కాదు, ఎదుటివాళ్ళ మాటలో తన పేరు వినపడుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం దగ్గరగా అనిపిస్తుంది కానీ, ఆ భుజాలకి నిజంగానే గుమ్మడి బూడిద అంటి ఉండాలి. మీ బాపు ఉప్పు దొంగతనం చేయలేదు కదా.

చుక్కలముగ్గు గారూ, మీరు చేసింది ఏమీ కాదు, నాది వినండి. ఇక్కడికొచ్చిన కొత్తలో మా మేనేజర్ ఏ చిన్న సవరణ చెప్పినా మూతి ముడుచుకునేవాడు. ఆ సంగతి పక్క సీటావిడతో చెప్పాలి. టచీ అనే మాట ఎక్కడో విన్నాను, దాని తోక కూడా కలిపి విన్నాను. "హీ ఈజ్ ఎ బిట్ టచీ-ఫీలీ" అనేశాను. ఆవిడ చేతిలో కాఫీ కప్పు కింద పెట్టి, నా ముఖంలోకి చూసి, "నీకు ఇబ్బందిగా ఉందా, హెచ్ఆర్‌తో మాట్లాడదామా" అని మెల్లగా అడిగింది. టచీ-ఫీలీ అంటే ఊరికే భుజం మీద చెయ్యి వేసేవాడు, కౌగిలించుకునేవాడు, లేదా ఎప్పుడూ మనసులో మాటలు చెప్పుకుందాం రా అనేవాడు అని అర్థమట. 1970ల ప్రాంతంలో అమెరికాలో అందరూ గుండ్రంగా కూర్చుని మనసు విప్పుకునే గ్రూపుల హడావుడిలో బలపడిన మాట. పాపం ఆ మనిషి షేక్‌హ్యాండ్ కూడా రెండు వేళ్ళతో ఇస్తాడు. అరగంట పట్టింది నాకు విడమర్చి చెప్పడానికి.

చుక్కలముగ్గు (రాత్రి 11:10)

అమ్మో! నాది నయమే అయితే.

మరి సెన్సిటివ్ అంటే సరిపోదా? మా వైపు పెళ్ళిచూపుల్లో "మా అమ్మాయి చాలా సెన్సిటివ్ అండీ" అని గొప్పగా చెప్తారు. అది తిట్టు కాదు కదా?

డాలస్ దోసె (రాత్రి 11:24)

సెన్సిటివ్ రెండువైపులా పదునున్న మాట. పక్కన "టు" వస్తే చాలాసార్లు మెచ్చుకోలు, ఎదుటివాళ్ళ మనసు ఎరిగినవాడని. "అబౌట్" వస్తే అనుమానమే, ఆ సంగతి ఎత్తకు అని హెచ్చరిక. టచీలో మాత్రం మెచ్చుకోలు చుక్క కూడా లేదు. పెళ్ళిచూపుల్లో "మా అమ్మాయి టచీ అండీ" అంటే వాళ్ళు కాఫీ తాగకుండానే లేస్తారు.

మన తెలుగులోకి వచ్చి ఈ ఇంగ్లీష్ మాటలన్నీ వేషం మార్చేశాయి. సెంటిమెంట్ అంటే మనకి సినిమాలో ఏడుపు సీను, లేదంటే శుక్రవారం డబ్బివ్వకపోవడం. "ఫీలయ్యాడు" అంటే నొచ్చుకున్నాడని. ఇంగ్లీష్‌లో ఫీల్ పక్కన ఏదో ఒకటి చెప్పాలి, ఏం ఫీలయ్యాడో. మనకి ఆ బాధ లేదు. ఫీలయ్యాడంటే అయ్యాడంతే.

బడిపంతులు61 (సోమవారం, ఉదయం 6:15)

రాత్రి మంచి మాట అడిగారు, తెలుగులో ఒక్క మాట ఏదని. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆలోచించాను.

అలక కాదు. అలకలో బతిమాలించుకోవాలన్న ఆశ ఉంటుంది, అందుకే దానికి పెళ్ళిలో పాన్పు కూడా వేశాం. రోషం కాదు, అది మనకి గుణం, లేనివాడిని తిడతాం. ఉక్రోషం ఓడిపోయినవాడిది. ఉడుకుమోతు చాలా దగ్గర, కానీ అందులో పసితనం ఉంది. గోళీలాటలో ఓడిన పిల్లాణ్ణి ఉడుకుమోతు అంటాం గానీ డిప్యూటీ తహసిల్దారుని అనం కదా.

అసలు మనం ఈ సంగతికి ఎక్కువగా వాడేది విశేషణం కాదు, క్రియ. అదీ చాలా మామూలు క్రియ: అనుకోవడం. "ఏమీ అనుకోకండి." "ఆయన ఏమైనా అనుకుంటారేమో." నొచ్చుకోవడం, కోపగించుకోవడం, మనసులో పెట్టుకోవడం, ఇన్నీ ఆ ఒక్క అనుకోవడంలో సర్దేశాం. ఇంగ్లీషువాడికి "ప్లీజ్ డోంట్ థింక్ ఎనీథింగ్" అని చెప్పి చూడండి, బుర్ర పనిచేయడం మానేయమంటున్నారా అని అడుగుతాడు. నా సర్వీసులో ఈ వాక్యం ఎన్ని కాగితాల్లో కొట్టేశానో లెక్కలేదు. కొట్టేసేటప్పుడల్లా తెలుగు మాటే బాగుందనిపించేది.

పెన్నఒడ్డు గారూ, రాత్రి నా మాట కాస్త కటువుగా వచ్చింది. ఏమీ అనుకోకండి.

పళ్ళడాక్టరమ్మ (సోమవారం, మధ్యాహ్నం 1:20)

లంచ్ టైంలో చదివాను. సెన్సిటివిటీ మా వ్యాపారం కాబట్టి ఒక మాట.

ఇప్పుడందరూ "పళ్ళు సెన్సిటివ్ అయ్యాయి డాక్టర్" అని వస్తారు. మా నాయనమ్మ జివ్వుమంటున్నాయి అనేది, ఆ మాటలోనే నొప్పి వినపడుతుంది. పంటి మీద గట్టి పొర ఎనామిల్ అరిగిపోయినా, చిగురు కిందకి జారినా లోపలి డెంటిన్ బయటపడుతుంది. దాని నిండా కంటికి కనపడనంత సన్న గొట్టాలు. చల్లనిది తగిలితే వాటిలో ద్రవం కదులుతుంది, ఆ కదలిక లోపలి నరానికి తెలుస్తుంది. మా పుస్తకాల్లో దీన్ని హైపర్‌సెన్సిటివిటీ అనే రాస్తారు. ఒకే కుల్ఫీ, పొర ఉన్నవాడికి తీపి, లేనివాడికి కరెంట్ షాక్. థిన్-స్కిన్డ్ (పలచని చర్మం, అంటే చిన్న మాటకే నొచ్చుకునే) అనే ఇంగ్లీష్ మాట వింటే నాకు ఎప్పుడూ ఇదే గుర్తొస్తుంది.

అదే మాట మందుల పెట్టెలో మడతపెట్టిన కాగితంలో వస్తే అర్థం వేరు. హైపర్‌సెన్సిటివిటీ ఉన్నవాళ్ళు వాడకూడదు అంటే ఆ మందు ఒంటికి పడనివాళ్ళు అని. పెన్సిలిన్ పడకపోతే ప్రాణం మీదకే రావచ్చు. దాన్ని చదివి "నేను అంత సెన్సిటివ్ కాదులే" అని మింగకండి దయచేసి. మనసు సంగతి కాదు అది.

కరీంనగర్ పోరడు (మధ్యాహ్నం 1:44)

అక్కా, "పడదు" అన్న మాట మంచిగ గుర్తు చేసినవ్! వంకాయ పడది అంటె ఒళ్ళు దురద. ఆయనకూ తమ్మునికీ పడది అంటె కొట్లాట. ఒక్క మాట కూడ పడడు అంటె మా బాపు.

పెన్నఒడ్డు (సోమవారం, సాయంత్రం 7:30)

అనుకోలేదు మాస్టారూ.

చదువుతూనే ఉన్నాను. మీరందరూ మాట అర్థం చూస్తున్నారు, ఆ మాట ఎవరి నోట్లోంచి వస్తుందో చూడండి. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. మీటింగులో నేను మాట్లాడటం మొదలుపెడితే నా యాసలో ఒక ముక్క తీసుకుని దీర్ఘం తీసి పలుకుతారు. అందరూ నవ్వుతారు. ఏడాది నేనూ నవ్వాను. ఒకరోజు, సార్ ఇది బాగాలేదన్నాను. "డోంట్ బీ సో టచీ యార్" అన్నారు. మళ్ళీ అందరూ నవ్వారు. యాస గురించి కాదు, ఈసారి నా గురించి.

అదే పెద్దాయన ప్రజెంటేషన్‌లో మా జూనియర్ పిల్ల ఒక అంకె తప్పుందని చూపించింది. ఫైలు బల్ల మీద కొట్టి వెళ్ళిపోయారు. బయట అందరం ఏమన్నామో తెలుసా? "సార్ సీరియస్ అయ్యారు." అదే కోపం. ఆయనకి వస్తే సీరియస్, నాకు వస్తే టచీ. ఆయన్ని టచీ అన్నవాళ్ళని పదేళ్ళలో ఒక్కరినీ చూడలేదు. అత్తగారు అలిగితే పట్టింపు మనిషి అంటాం, కోడలు అలిగితే మాట పడదు అంటాం, అలాంటిదే ఇదీ.

మొక్కలపిచ్చి (సాయంత్రం 8:05)

నేను బోటనీ లెక్చరర్ని. ముట్టుకుంటే ముడుచుకోవడం అన్నారు కాబట్టి అత్తిపత్తి సంగతి.

దాని శాస్త్రీయ నామం మైమోసా పుడికా. పుడికా అంటే లాటిన్‌లో సిగ్గరి. ఆకు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది, తాకగానే అక్కడి కణాల్లోంచి నీరు బయటకి పోయి ఆకు వాలిపోతుంది. కొన్ని నిమిషాలకి మళ్ళీ విచ్చుకుంటుంది. 2014లో, ఆస్ట్రేలియాలో పనిచేసే శాస్త్రవేత్త మోనికా గాలియానో బృందం ఈ మొక్క మీద చేసిన ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. కుండీలను 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే కిందకి జారవిడిచారు. మొదట్లో ముడుచుకున్న ఆకులు తర్వాత తర్వాత ముడుచుకోవడం మానేశాయి. దాదాపు నెల తర్వాత పడేసినా ముడుచుకోలేదు.

కాబట్టి పెన్నఒడ్డు గారూ, మీరూ కొన్నాళ్ళు పట్టించుకోకుండా ఉంటే అలవాటైపోతుందేమో. సరదాకి అంటున్నాను.

చుక్కలముగ్గు (సాయంత్రం 8:21)

సార్, ఒక డౌటు. ఆ కుండీలు కింద పడితే మొక్కకి దెబ్బ తగిలిందా?

మొక్కలపిచ్చి (సాయంత్రం 8:26)

లేదు. తగలకుండా మెత్తటి ఏర్పాటు చేశారు. దెబ్బ లేదని తెలిశాకే మానేసిందని వాళ్ళ వాదన. ఇంకోటి, అలా అలవాటుపడ్డ మొక్కని వేరే రకంగా ఊపితే వెంటనే ముడుచుకుంది. అంటే అలసిపోయి కాదు, తేడా తెలిసే.

పెన్నఒడ్డు (సాయంత్రం 8:29)

అదీ సంగతి. మా మీటింగు రూములో మెత్తటి ఏర్పాటు లేదు సార్.

నల్లకోటు (సోమవారం, రాత్రి 10:50)

కోర్టు పని ముగించుకుని ఇప్పుడే చూశాను. మీరు తగవుపడుతున్నది మా వాళ్ళు నూరేళ్ళ పైనుంచి తగవుపడుతున్నదే. మనసు మీద కాదు, గోధుమరంగు కాగితం మీద.

ఇంగ్లండ్‌లో 1889లో రాబిన్సన్ వర్సెస్ కిల్వర్ట్ అనే కేసు. కింద సెల్లార్‌లో ఒకాయన అట్టపెట్టెలు చేస్తాడు, దానికి వేడి కావాలి. పైన అద్దెకున్నాయన గోధుమరంగు కాగితం నిలవ చేస్తాడు. కింది వేడికి పై కాగితంలో తేమ ఆరి తూకం తగ్గిపోతోంది. కాగితం అమ్మేది తూకానికి. నష్టమొచ్చిందని కేసు వేశాడు, ఓడిపోయాడు. మామూలు కాగితమైతే ఆ వేడికి ఏమీ కాదు, నీ సరుకే మరీ సున్నితం, దానికి కిందివాడిని ఆపలేం అన్నారు. టచీగా ఉండకయ్యా అని కోర్టు చెప్పినట్టే.

మన దగ్గర కూడా అదే దారిలో ఒక మాట ఉంది. 1947 నాగపూర్ రిపోర్టుల్లో జస్టిస్ వివియన్ బోస్ తీర్పు. రాతల ప్రభావాన్ని నిబ్బరం ఉన్న మనుషుల కొలతతో చూడాలి గానీ, ప్రతి ఎదురు అభిప్రాయంలోనూ ప్రమాదం వాసన పట్టేవాళ్ళ కొలతతో కాదన్నారు. మనోభావాలు దెబ్బతిన్నాయన్న పిటిషన్ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరం ఆ వాక్యం చదువుతాం.

పెన్నఒడ్డు గారు ఇక్కడితో ఆపొద్దు, రెండో సగం ఉంది. ఒళ్ళు గాయమైన కేసుల్లో నియమం పూర్తిగా తలకిందులు. దాన్ని గుడ్డు పెంకు పుర్రె నియమం అంటారు. మీరు తప్పు చేసి ఒకడి తల మీద కొట్టారు. మామూలు తలైతే బొప్పి కట్టేది, వాడి పుర్రె గుడ్డు పెంకంత పలచన కాబట్టి పగిలింది. వాడి పుర్రె అంత పలచనని నాకేం తెలుసు అంటే చెల్లదు. మొత్తం నష్టం కట్టాలి. బాధితుడు ఎలా ఉంటే అలాగే స్వీకరించాలి.

రెండింటికీ తేడా ఎక్కడుంది? కింద పెట్టెలు చేసుకునేవాడు తన పని తాను చేసుకుంటున్నాడు, తప్పు చేయలేదు. తల మీద కొట్టినవాడు మొదటే తప్పు చేశాడు. కాబట్టి ముందు అడగాల్సింది పైనున్న కాగితం ఎంత సున్నితమని కాదు, కిందివాడు చేసింది ఏమిటని. ఏడాదిపాటు మనిషి యాసని పదిమందిలో వెక్కిరించడం పెట్టెల తయారీ అయితే కాదు. ఇది లీగల్ ఒపీనియన్ కాదు, ఫీజు అడగను.

బడిపంతులు61 (మంగళవారం, ఉదయం 6:02)

నల్లకోటు గారూ, ముప్పై ఏళ్ళు ఈ మాట చెప్పాను గానీ కాగితం సంగతి తెలియదు. తెలిసుంటే జూలియెట్ పక్కన చెప్పేవాణ్ణి.

కరీంనగర్ తమ్ముడూ, మీ బాపు గారి ఉప్పు కేసు ఏ పద్దు కిందకి వస్తుందంటావు?

కరీంనగర్ పోరడు (ఉదయం 7:15)

కాగితమే సార్. పక్కా కాగితం. కని రాత్రి అవ్వ చెప్పింది, పెండ్లైన కొత్తల ఆయన తెచ్చిన ప్రతి సరుకుకు మా తాత వంక పెట్టేటోడట. నాకు తెల్వది.

చుక్కలముగ్గు (మంగళవారం, సాయంత్రం 6:48)

అందరికీ థ్యాంక్స్. ఇక ఉండబట్టలేక మధ్యాహ్నం హెచ్ఎం గారికి ఫోన్ చేశాను. సర్, మొన్న గ్రూపులో తప్పు మాట పెట్టాను, క్షమించండి అన్నాను. ఏ మాటమ్మా అన్నారు. టచీ సర్ అన్నాను. "అవునమ్మా, నువ్వు పెట్టింది మా ఆవిడకి కూడా చూపించాను. అంతమంది నైస్, సూపర్ అని పెట్టారు గానీ మనసుకు తాకిందని రాసింది నువ్వొక్కదానివే" అన్నారు. ఆయన లెక్కల మాస్టారు. నా నోట మాట రాలేదు.

ఇప్పుడు అసలు అర్థం చెప్పాలా, వద్దా?

బడిపంతులు61 (సాయంత్రం 6:55)

వద్దు.

డాలస్ దోసె (సాయంత్రం 6:57)

అస్సలు వద్దు.

చుక్కలముగ్గు (రాత్రి 9:20)

ఇప్పుడే చూశాను. మా ఇంగ్లీష్ సార్ గ్రూపులో డిక్షనరీ పేజీ ఫోటో పెట్టారు.